టాప్ బిజినెస్ స్కూల్‌లో సీటు: జీమ్యాటా జీఆర్‌ఈనా, ఈ ఏడాదా వచ్చే ఏడాదా?

టాప్ బిజినెస్ స్కూళ్లకు వచ్చే దరఖాస్తుల్లో నాసిరకం ఫైళ్లు తక్కువ. మంచి స్కోరు, పేరున్న ఉద్యోగం, తప్పుల్లేని ఎస్సేలు అన్నీ ఉండి కూడా సీటు దక్కనివాళ్లే ఎక్కువ. హార్వర్డ్ ఎంబీఏ క్లాసులో, అంటే ఒక ఏడాది చేరే బ్యాచ్‌లో, సుమారు 930 మంది, స్టాన్‌ఫర్డ్‌లో 430 ప్రాంతంలో ఉంటారు. అర్హులు అంతకు ఎన్నో రెట్లు. అందుకే "నాకు అర్హత ఉందా" అని మొదలుపెడితే ఎటూ తేలదు. నా ఫైలు చదివే మనిషికి ఏ అనుమానం వస్తుంది, చేతిలో ఉన్న నెలల్లో దాన్ని ఏది తీరుస్తుంది అని అడగాలి. కింద పోల్చిన దారులన్నిటినీ ఆ ఒక్క ప్రశ్నతోనే తూచాం.

అనుమానాలు మూడు రకాలు. లెక్కలతో నిండిన సబ్జెక్టుల్ని నెగ్గుకురాగలరా? చదువయ్యాక వీళ్లు చెబుతున్న ఉద్యోగం నిజంగా దొరుకుతుందా? వీళ్లు పక్కన కూర్చుంటే మిగతావాళ్లు నేర్చుకునేది ఏమైనా ఉందా? మొదటిదానికి డిగ్రీ మార్కులు, టెస్టు స్కోరు జవాబు చెబుతాయి. రెండోదానికి రెజ్యూమె, గోల్స్. మూడోదానికి ఎస్సేలు, రికమెండేషన్ లెటర్లు, ఇంటర్వ్యూ. ఇంజినీరింగ్‌లో మంచి మార్కులతో బయటికొచ్చి ఇప్పటికే గట్టి స్కోరు ఉన్నవాళ్లు ఇంకో ముప్ఫై పాయింట్ల కోసం నాలుగు నెలలు ఖర్చు చేస్తుంటారు. వాళ్ల విషయంలో మొదటి అనుమానం ఎవరికీ లేదు, ఉన్నది మూడోది. దాని మీద ఒక్క వారం కూడా పెట్టరు.

జీమ్యాట్, జీఆర్‌ఈ

ఎంబీఏలో చేరడానికి రాసే ఈ రెండు ప్రవేశ పరీక్షల్లో ఏదైనా సమానమేనని పెద్ద స్కూళ్లు చెబుతాయి. అడ్మిషన్ వరకు ఆ మాట నమ్మొచ్చు. మీకు ఏది తక్కువ శ్రమతో ఎక్కువ పర్సంటైల్ ఇస్తుందన్న దగ్గరే తేడా అంతా.

| | జీమ్యాట్ | జీఆర్‌ఈ |
|---|---|---|
| మొత్తం సమయం | 2 గంటల 15 నిమిషాలు | 1 గంట 58 నిమిషాలు |
| భాగాలు | క్వాంట్ 21, వెర్బల్ 23, డేటా ఇన్‌సైట్స్ 20 ప్రశ్నలు. ఒక్కోదానికి 45 నిమిషాలు | 30 నిమిషాల ఎస్సే ఒకటి. వెర్బల్ 27, క్వాంట్ 27 ప్రశ్నలు, రెండేసి సెక్షన్లుగా |
| స్కోరు | 205 నుంచి 805 | వెర్బల్, క్వాంట్ ఒక్కోటి 130 నుంచి 170 |
| క్యాలిక్యులేటర్ | డేటా ఇన్‌సైట్స్‌లో మాత్రమే | క్వాంట్ అంతటా |
| జామెట్రీ | లేదు | ఉంది |
| జవాబు మార్చడం | సెక్షన్‌కు 3 మాత్రమే | ఆ సెక్షన్ సమయం ఉన్నంతసేపూ |
| మధ్యలో విరామం | కావాలంటే 10 నిమిషాలు | లేదు |
| మళ్లీ రాయడానికి ఆగాల్సింది | 16 రోజులు | 21 రోజులు |

రెండు స్కోర్లూ అయిదేళ్లు చెల్లుతాయి. రెండూ 12 నెలల్లో 5 సార్లకు మించి రాయనివ్వవు.

జీఆర్‌ఈ వెర్బల్‌లో పదసంపద లేకపోతే గట్టెక్కడం కష్టం. ఖాళీలు పూరించే ప్రశ్నలు, ఒకే అర్థం వచ్చే రెండు పదాలు ఎంచుకునే ప్రశ్నలు దాదాపు సగం ఉంటాయి. జీమ్యాట్ వెర్బల్‌లో ఇప్పుడు గ్రామర్ ప్రశ్నలే లేవు. చదివి అర్థం చేసుకోవడం, వాదనలోని లొసుగు పట్టుకోవడం, అంతే. పదాలు బట్టీపట్టే ఓపిక లేకపోయినా తర్కం బాగా నడిచేవాళ్లకు జీమ్యాట్ కలిసొస్తుంది. సాహిత్యం, చరిత్ర, న్యాయశాస్త్రం చదివి, పుస్తకాలతో గడిపినవాళ్లకు జీఆర్‌ఈ వెర్బల్‌లో పెద్దగా కష్టపడకుండానే మంచి పర్సంటైల్ వస్తుంది. జీఆర్‌ఈ క్వాంట్ చూడటానికి తేలిగ్గానే ఉంటుంది కానీ పై స్కోర్ల దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. నాలుగైదు ప్రశ్నలు పోతే పర్సంటైల్ బాగా కిందికి జారుతుంది.

జీమ్యాట్‌లో చాలామందిని ముంచేది డేటా ఇన్‌సైట్స్. పట్టికలు, గ్రాఫులు, మూడు ట్యాబుల్లో విడివిడిగా ఇచ్చిన సమాచారం, దానికి తోడు డేటా సఫిషియెన్సీ, అంటే ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందో లేదో తేల్చే ప్రశ్నలు. లెక్క కష్టంగా ఉండదు, ఏది చదవాలో ఏది వదిలేయాలో తేల్చుకోవడంలో సమయం కరిగిపోతుంది. చివర్లో ప్రశ్నలు వదిలేస్తే జీమ్యాట్‌లో శిక్ష గట్టిగా పడుతుంది కాబట్టి మధ్యలో ఒక మొండి ప్రశ్నకు ఊహతో ఏదో ఒక జవాబు పెట్టేసి ముందుకు కదలడం నేర్చుకోవాలి. జీఆర్‌ఈలో ఇబ్బంది మరోరకం. మొదటి సెక్షన్ ఎలా రాశారన్నదాన్ని బట్టి రెండో సెక్షన్ కఠినత్వం మారుతుంది. మొదటిది చెడితే రెండోదాంట్లో అన్నీ సరిగ్గా రాసినా పై స్కోరు అందదు.

ఏది మీకు నప్పుతుందో తేల్చుకోవడానికి కోచింగ్ సెంటర్ సలహా అక్కర్లేదు. రెండు పరీక్షల నిర్వాహకులూ చెరి రెండు ఉచిత మాక్ టెస్టులు ఇస్తారు. ప్రిపరేషన్ మొదలుపెట్టకముందే, ఒకే వారంలో, చెరొకటి పూర్తి సమయం పెట్టుకుని రాయండి. వచ్చిన మార్కుల్ని పక్కన పెట్టి పర్సంటైళ్లను పోల్చండి. తేడా స్పష్టంగా ఉంటే ప్రశ్న అక్కడితో తీరిపోయింది. సమానంగా వస్తే మా ఓటు జీమ్యాట్‌కే. చదువయ్యాక కన్సల్టింగ్, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ వైపు వెళ్లేవాళ్లను కొందరు రిక్రూటర్లు ఆ స్కోరు అడుగుతారు. ఎంబీఏతో పాటు పబ్లిక్ పాలసీ లాంటి రెండో డిగ్రీకి కూడా దరఖాస్తు చేస్తున్నవాళ్లకు మాత్రం జీఆర్‌ఈ మేలు, ఒక్క పరీక్ష రెండు చోట్లా పనికొస్తుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. జీమ్యాట్ 2023 నవంబరులో కొత్త రూపంలోకి మారింది, పాతది 2024 జనవరి చివరితో ఆగిపోయింది. పాత స్కేలు మీద 700 అంటే కొత్త స్కేలు మీద సుమారు 645. స్కూల్ వెబ్‌సైట్‌లో పాత సగటు 730 చూసి, కొత్త పరీక్షలో 665 తెచ్చుకున్నవాళ్లు బెంబేలెత్తి మళ్లీ ఫీజు కట్టేస్తున్నారు. గుర్తుపట్టడం సులువు: కొత్త మొత్తం స్కోర్లన్నీ 5తో ముగుస్తాయి, పాతవి సున్నాతో. క్లాసు సగటు మాత్రం ఏ అంకెతోనైనా ముగియవచ్చు కాబట్టి, అది ఏ పరీక్షదో పక్కన రాసి ఉందేమో చూసుకోండి.

ఉద్యోగంలో బాగా సీనియర్ అయితే ఎగ్జిక్యూటివ్ అసెస్‌మెంట్ అని మూడో దారి ఉంది. 90 నిమిషాలు, 40 ప్రశ్నలు. ఉద్యోగం చేస్తూనే చదివే ఎగ్జిక్యూటివ్ ఎంబీఏకు బాగా చెల్లుతుంది, ఫుల్‌టైమ్ ఎంబీఏకు కొన్ని స్కూళ్లలోనే. టెస్టు మినహాయింపు ఇచ్చే స్కూళ్లూ ఉన్నాయి. డిగ్రీలో లెక్కల మార్కులు గట్టిగా ఉండి, రోజూ అంకెలతో పనిచేసే ఉద్యోగంలో ఉంటేనే మినహాయింపు అడగండి. మార్కులు తక్కువగా ఉన్నవాళ్లు మినహాయింపు తీసుకుంటే మొదటి అనుమానానికి జవాబు చెప్పే ఒక్క సాక్ష్యాన్నీ తామే దాచేసుకున్నట్టు.

మళ్లీ రాయాలా, ఆపేయాలా

స్కూళ్లు తమ క్లాసు ప్రొఫైల్‌లో మధ్యస్థ స్కోరును, దాంతోపాటు చాలాసార్లు మధ్య 80 శాతం మంది ఏ అంకెల మధ్య ఉన్నారో కూడా ఇస్తాయి. మీ స్కోరు మధ్యస్థానికి దగ్గరగా ఉండి, క్వాంట్ ఒక్కటే వెనకబడి లేకపోతే పుస్తకాలు మూసేయండి. పది ఇరవై పాయింట్ల కోసం మూడోసారి కూర్చోవడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. అదే మనిషి అదే తయారీతో రాసినా ఆ మాత్రం అటూ ఇటూ ఊగుతుంది.

మళ్లీ రాయాల్సిన సందర్భాలు రెండే. ఒకటి, ఇంటి దగ్గర రాసిన చివరి మూడు మాక్‌ల సగటుకన్నా అసలు పరీక్షలో బాగా తక్కువ రావడం. దానర్థం తయారీ సరిపోయింది, ఆ రోజు సమయం చేయిదాటింది అని. మూడు నాలుగు వారాల్లో సరిచేసుకోవచ్చు. రెండు, మొత్తం స్కోరు బాగానే ఉన్నా క్వాంట్ పర్సంటైల్ కింద ఉండి, డిగ్రీలోనూ లెక్కలు లేకపోవడం. మాక్‌లు కూడా అదే చోట ఆగిపోయి ఉంటే ముందు పద్ధతి మారాలి. తప్పుల చిట్టా రాసుకుని, తప్పు పోయింది కాన్సెప్ట్ తెలియకనా, ప్రశ్న సరిగా చదవకనా, సమయం లేకనా అని విడదీయకుండా ఇంకో వెయ్యి ప్రశ్నలు చేసినా అంకె కదలదు.

డిగ్రీ మార్కులు తక్కువైతే

మార్కుల జాబితాను ఎవరూ మార్చలేరు, పక్కన కొత్త సాక్ష్యం పెట్టగలరు. ఇందులో మూడు దారులున్నాయి, బలంలో చాలా తేడా ఉంది. వీడియోలు చూసి తీసుకునే ఉచిత సర్టిఫికెట్‌కు బరువు దాదాపు ఉండదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆన్‌లైన్‌లో నడిపే కోర్ ప్రోగ్రామ్‌లో బిజినెస్ అనలిటిక్స్, మేనేజర్లకు ఎకనామిక్స్, ఫైనాన్షియల్ అకౌంటింగ్ ఉంటాయి, చివర్లో పరీక్ష పెడతారు, ఇది మధ్యరకం. అన్నిటికంటే గట్టిది గుర్తింపున్న యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ గానీ కాలిక్యులస్ గానీ గ్రేడు వచ్చేలా చదివి 'A' గ్రేడు తెచ్చుకోవడం. దానికి ఒక సెమిస్టర్ పడుతుంది కాబట్టి దరఖాస్తుకు కనీసం ఏడెనిమిది నెలల ముందు మొదలుపెట్టాలి.

దీనిపై ఆప్షనల్ ఎస్సేలో (కావాలంటేనే రాసే అదనపు ఎస్సే) రాసేది వంద నూట యాభై పదాలు దాటకూడదు. ఏం జరిగింది, ఎప్పుడు ఆగింది, ఆ తర్వాత సామర్థ్యానికి రుజువు ఏమిటి. ప్రొఫెసర్లను తప్పుబట్టే వాక్యం ఒక్కటున్నా ఆ పేజీ అంతా మీకు ఎదురు తిరుగుతుంది.

రౌండ్ వన్, టూ, త్రీ

స్కూళ్లు దరఖాస్తుల్ని రౌండ్లు అనే విడతల్లో తీసుకుంటాయి. అమెరికా స్కూళ్లలో మామూలుగా రౌండ్ వన్ సెప్టెంబరులో, రౌండ్ టూ జనవరి మొదట్లో, రౌండ్ త్రీ మార్చి, ఏప్రిల్ నెలల్లో ముగుస్తాయి. హార్వర్డ్‌లో మామూలు అభ్యర్థులకు రెండు రౌండ్లే. యూరప్‌లో పేరున్న బిజినెస్ స్కూల్ ఇన్సియాడ్ ఏడాదికి రెండు బ్యాచ్‌లను తీసుకుంటుంది, ఒక్కో బ్యాచ్‌కు విడిగా రౌండ్లు ఉంటాయి.

రౌండ్ వన్‌లో సీట్లన్నీ ఖాళీగా ఉంటాయి, స్కాలర్‌షిప్ సొమ్ము కూడా. తిరస్కరణ వచ్చినా డిసెంబరుకల్లా తెలిసిపోతుంది, జనవరిలో వేరే స్కూళ్లకు సరిచేసుకుని పంపే వీలుంటుంది. అయినా సగం ఉడికిన ఫైలును రౌండ్ వన్‌లోకి తోయడం కన్నా బాగా కుదిరిన ఫైలును రౌండ్ టూలో పంపడం మేలు. ఈ రెండు రౌండ్ల మధ్య తేడా జనం అనుకునేంత పెద్దది కాదు. రౌండ్ త్రీ వేరే సంగతి. అప్పటికి క్లాసు చాలావరకు నిండి, మీలాంటి నేపథ్యం ఉన్నవాళ్లు ఇప్పటికే ఎక్కువై ఉంటారు. ఐటీ, కన్సల్టింగ్, ఫైనాన్స్ లాంటి రద్దీ రంగాల నుంచి వచ్చేవాళ్లు రౌండ్ త్రీలో పంపేకన్నా సెప్టెంబరు దాకా ఆగడం మంచిది. సైన్యం, కళలు, వైద్యం లాంటి అరుదైన నేపథ్యం ఉంటే ప్రయత్నించి చూడొచ్చు.

సెప్టెంబరు గడువు పెట్టుకుంటే వెనక్కి లెక్క ఇలా ఉంటుంది. టెస్టు జూన్ లోపు అయిపోవాలి. స్కూళ్ల జాబితా, పూర్వ విద్యార్థులతో మాటలు మే, జూన్‌లలో. రికమెండర్లను జూన్ చివర్లో అడగాలి. ఎస్సేలు జూలై మొదట్లో మొదలైతే ఒక్కో స్కూల్‌కు నాలుగైదు డ్రాఫ్టులు వస్తాయి. ఆగస్టు నాటికి ఇంకా టెస్టు రాస్తూనే ఉంటే రౌండ్ టూకి జరపండి, మొహమాటపడొద్దు. టెస్టు, ఎస్సే రెండూ ఒకే నెలలో నడిపినవాళ్లకు రెండూ అరకొరగానే మిగులుతాయి.

ఈ ఏడాదా, వచ్చే ఏడాదా

టాప్ స్కూళ్ల ఫుల్‌టైమ్ క్లాసుల్లో సగటు అనుభవం 5 ఏళ్ల ప్రాంతంలో ఉంటుంది. మూడేళ్లకే వెళ్లినా ఎనిమిదేళ్లకు వెళ్లినా తప్పేం లేదు, కానీ అడిగే ప్రశ్న మారుతుంది. తక్కువ అనుభవం ఉన్నవాళ్లను "ఇప్పుడే ఎందుకు", ఎక్కువ ఉన్నవాళ్లను "ఇంతకాలం ఎందుకు ఆగారు" అంటారు.

ఒక ఏడాది ఆగడం వల్ల ఫైల్లో రాయగల కొత్త సంగతి ఏదైనా వస్తుందా? ప్రమోషన్, మనుషుల్ని నడిపించే బాధ్యత, ఇప్పుడు సగంలో ఉన్న ప్రాజెక్టు ఫలితం, గ్రేడు వచ్చే లెక్కల కోర్సు, వీటిలో ఒకటైనా ఖాయంగా కనబడితే ఆగండి. అదే కుర్చీలో అదే పని ఇంకో ఏడాది చేయడమే అయితే ఆగి లాభం లేదు. దరఖాస్తు కోసమే హడావిడిగా ఏదో స్వచ్ఛంద సంస్థలో చేరడం కూడా లాభం కాదు. గడువుకు నాలుగు నెలల ముందు మొదలైన సేవ రెజ్యూమెలో తేదీలతో సహా కనిపిస్తుంది. ఇప్పటికే కొన్నేళ్లుగా చేస్తున్న పని ఏదైనా ఉంటే, అది నాటకమైనా మారథాన్ అయినా, దాన్నే ఒక మెట్టు పైకి తీసుకెళ్లండి.

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు డిఫర్డ్ అడ్మిషన్ అనే దారి ఉంది. హార్వర్డ్ టూ ప్లస్ టూ, వార్టన్ మోలిస్ అడ్వాన్స్ యాక్సెస్, చికాగో బూత్ స్కాలర్స్, స్టాన్‌ఫర్డ్ డిఫర్డ్ ఎన్‌రోల్‌మెంట్ అలాంటివే. ఇప్పుడు సీటు ఖరారు చేసుకుని కొన్నేళ్లు ఉద్యోగం చేసి చేరతారు. ఇక్కడ ఉద్యోగ అనుభవం తూచరు కాబట్టి మార్కులు, టెస్టు, కాలేజీలో నడిపిన పనులే ఫైలు బరువు మోయాలి. మార్కులు మెరుగ్గా ఉన్నవాళ్లకు ఇది మంచి అవకాశం. రాకపోయినా పెద్ద నష్టం లేదు, ఉద్యోగం చేశాక మళ్లీ మామూలు దారిలో దరఖాస్తు చేయొచ్చు.

రెండేళ్లదా, ఏడాదిదా

ఇది అడ్మిషన్ ప్రశ్న కాదనిపిస్తుంది గానీ, రెండో అనుమానం మొత్తం ఇక్కడే తేలుతుంది. రంగం మారాలనుకునేవాళ్లకు వేసవి ఇంటర్న్‌షిప్ ప్రాణం. అది లేని ప్రోగ్రామ్‌కు దరఖాస్తు పెట్టి, "సాఫ్ట్‌వేర్ నుంచి ప్రైవేట్ ఈక్విటీకి మారతాను" అని రాస్తే చదివే మనిషి నమ్మడు. ఇన్సియాడ్ ప్రోగ్రామ్ 10 నెలలు, జనవరిలో చేరే బ్యాచ్‌కు మాత్రం వేసవిలో ఇంటర్న్‌షిప్‌కు చోటుంటుంది. కొలంబియాలో ఆగస్టులో, జనవరిలో రెండుసార్లు చేరొచ్చు. జనవరి బ్యాచ్ వేసవి కూడా క్లాసుల్లోనే గడుపుతుంది కాబట్టి ఇంటర్న్‌షిప్ ఉండదు. ఉన్న రంగంలోనే పైకి వెళ్లేవాళ్లకు, సొంత కంపెనీకి తిరిగెళ్లేవాళ్లకు ఆ జనవరి బ్యాచ్ చక్కగా సరిపోతుంది. లండన్ బిజినెస్ స్కూల్ ఎంబీఏను 15, 18, 21 నెలల్లో ఎప్పుడైనా ముగించవచ్చు. రంగం మారతానో లేదో ఇంకా తేలనివాళ్లకు ఆ వెసులుబాటు విలువైనది.

పదేళ్లు దాటిన అనుభవంతో, ఉద్యోగం వదలకుండా చదవాలనుకునేవాళ్లు ఫుల్‌టైమ్ ప్రోగ్రామ్ తలుపు తట్టే ముందు ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ చూడాలి. అక్కడ ఆ అనుభవమే బలం.

రికమెండర్: పెద్ద హోదానా, దగ్గరి బాసా

దగ్గరి బాస్. దాదాపు ప్రతిసారీ.

ఎందుకో ప్రశ్నలు చూస్తే తెలుస్తుంది. చాలా స్కూళ్లు వాడే ఉమ్మడి ఫారంలో అసలు ప్రశ్నలు రెండు: ఇలాంటి పదవిలో ఉన్న సమర్థులైన మిగతావాళ్లతో పోలిస్తే ఈ అభ్యర్థి ఎలా ఉన్నారు, ఉదాహరణలివ్వండి, మీరు ఇచ్చిన అతి ముఖ్యమైన సలహా లేదా విమర్శ ఏమిటి, దానికి ఆ మనిషి ఎలా స్పందించారు. మూడు అంచెల పైన ఉన్న వైస్ ప్రెసిడెంట్‌కు రెండో ప్రశ్నకు జవాబే తెలియదు. "క్రమశిక్షణ గలవారు, కష్టపడతారు" అని నాలుగు విశేషణాలు రాసి సంతకం పెడతారు. అలాంటి లెటర్ లేనట్టే లెక్క.

హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ రెండేసి లెటర్లు అడుగుతాయి, ఎంఐటీ వాళ్ల బిజినెస్ స్కూల్ స్లోన్ ఒకటే. బాస్‌కు చెబితే ప్రమోషన్ పోతుందన్న భయం ఉన్నవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అలాంటప్పుడు పాత బాస్, కంపెనీ వదిలి వెళ్లిన మేనేజరు, దగ్గరగా పనిచేసిన క్లయింటు, ఈ వరుసలో వెతకండి, కారణం ఆప్షనల్ ఎస్సేలో రెండు వాక్యాల్లో చెప్పండి. సొంత వ్యాపారం, కుటుంబ వ్యాపారం అయితే క్లయింటు, సరఫరాదారు, పెట్టుబడి పెట్టినవాళ్లు. బంధువు రాసిన లెటర్ చెల్లదు.

అడిగాక ఊరుకోకూడదు. ఒక పేజీ కాగితం తయారుచేసి ఇవ్వండి: కలిసి చేసిన నాలుగైదు పనులు, తేదీలు, ఫలితం అంకెల్లో, అందులో ఆయనో ఆవిడో కళ్లారా చూసినది ఏది. ఎస్సేలో మీరు రాస్తున్న కథలే ఆ కాగితంలో ఉంటే లెటర్ వల్ల కొత్తగా తెలిసేది ఉండదు, వేరేవి ఇవ్వండి. అసలు గడువుకు పది రోజుల ముందు తేదీని గడువుగా చెప్పండి. "నువ్వే రాసి పంపు, సంతకం పెడతా" అనే బాస్‌లు బోలెడంతమంది. ఒప్పుకోకండి. స్కూళ్లు దాన్ని నిబంధనల ఉల్లంఘనగా చూస్తాయి, పైగా రెండు లెటర్లూ ఎస్సేలూ ఒకే గొంతుతో ఉంటే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. రాసే తీరిక లేదంటే, అరగంట కూర్చుని ఆ కాగితం మీద మాట్లాడతానని అడగండి. మాట్లాడాక చాలామంది తామే రాస్తారు.

ఎస్సేలు: ఒకటే రాసి అందరికీ పంపొచ్చా?

కుదరదు, ఎందుకంటే స్కూళ్లు అడిగేవే వేరు. స్టాన్‌ఫర్డ్ ఏళ్లుగా "మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏది, ఎందుకు" అని అడుగుతోంది. దాంతోపాటు "స్టాన్‌ఫర్డే ఎందుకు". రెండూ కలిపి వెయ్యి పదాలు. హార్వర్డ్ 2024లో పాత 900 పదాల ఎస్సే తీసేసి మూడు చిన్నవి పెట్టింది: వ్యాపార దృష్టి మీద 300 పదాలు, నాయకత్వం మీద 250, ఎదుగుదల మీద 250. ఎంఐటీ స్లోన్ అసలు ఎస్సే అనదు. 300 పదాల కవర్ లెటర్, మీ సంస్థలో మీరెక్కడున్నారో చూపించే ఆర్గనైజేషన్ చార్ట్, ఒక నిమిషం వీడియో అడుగుతుంది. స్టాన్‌ఫర్డ్‌కు రాసిన ఆత్మపరిశీలనను కోసి స్లోన్‌కు పంపితే, ఏం చేశారో చూడాలనుకున్న చోట ఏం అనుకున్నారో కనబడుతుంది. ప్రశ్నలు ఏడాదికేడాది మారుతుంటాయి, ఆ సీజన్ ఫారం తెరిచాకే రాయడం మొదలుపెట్టండి.

గోల్స్ ఎస్సేలో ఎక్కువగా పోయేది మధ్య మెట్టు దగ్గర. పదేళ్ల తర్వాతి కల అందరూ ఘనంగా రాస్తారు. ఎంబీఏ అయిన మర్నాడు ఏ రకం కంపెనీలో ఏ హోదాలో చేరతారన్నది మసగ్గా వదిలేస్తారు. స్కూల్ వార్షిక ప్లేస్‌మెంట్ రిపోర్టు తెరవండి. మీరు రాసిన హోదా, ప్రాంతం అందులో కనిపిస్తే నమ్మకం కుదురుతుంది. కనిపించకపోతే, స్కూల్ సాయం లేకుండా ఎలా సాధిస్తారో మీరే చెప్పాలి. కోర్సుల పేర్లు, క్లబ్బుల పేర్లు వెబ్‌సైట్ నుంచి ఎత్తి గుమ్మరించడం ఎవరినీ మెప్పించదు. ఒక కోర్సు చాలు, అది మీ ఏ లోటును పూడుస్తుందో రాయండి.

రెజ్యూమె ఒక పేజీ. ప్రతి పంక్తిలో మీరు చేసింది, దానివల్ల మారింది. "టీమ్‌లో భాగంగా పనిచేశాను" అనే పంక్తులన్నీ కొట్టేయండి. అంకెలు పెంచి రాయకండి. సీటు వచ్చాక చాలా స్కూళ్లు బయటి ఏజెన్సీలతో ఉద్యోగం, జీతం, తేదీలు తనిఖీ చేయిస్తాయి. అక్కడ తేడా వస్తే సీటు వెనక్కి తీసుకుంటారు.

ఎన్ని స్కూళ్లకు, ఎవరి సాయంతో

నాలుగు నుంచి ఆరు. రెండే అయితే అదృష్టానికి వదిలేసినట్టు, పది అయితే ఆరో స్కూల్ నుంచి ఎస్సేలు పల్చబడతాయి. రెండు చాలా కష్టమైనవి, మూడు మీ అంకెలు మధ్యస్థానికి దగ్గరగా ఉన్నవి, ఒకటి వస్తే సంతోషంగా వెళ్లేది. వెళ్లడానికి ఇష్టంలేని స్కూల్‌ను "సేఫ్" పేరుతో జాబితాలో పెట్టడం వృథా.

కన్సల్టెంట్ అవసరం అందరికీ లేదు. ఆ స్కూల్లో చదివిన ఇద్దరు, మిమ్మల్ని పనిలో చూసిన ఒకరు ఎస్సేలు చదివి నిర్మొహమాటంగా మాట్లాడితే చాలావరకు సరిపోతుంది. చుట్టూ అలాంటివాళ్లు లేనివాళ్లకు, పాత తిరస్కరణకు కారణం తెలియనివాళ్లకు డబ్బు పెట్టినా ప్రయోజనం ఉంటుంది. పెట్టేముందు నా ఫైలు నిజంగా ఎవరు చదువుతారు, ఒక్కో స్కూల్‌కు ఎన్ని డ్రాఫ్టులు చూస్తారు, ఒక్కో సీజన్‌లో ఎంతమందిని తీసుకుంటారు అని అడగండి. సీటు గ్యారంటీ అన్నా, ఎస్సేలు మేమే రాస్తామన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇంటర్వ్యూ రకాన్ని బట్టి తయారీ

హార్వర్డ్‌లో 30 నిమిషాలు, అడిగేవాళ్లు మీ ఫైలు మొత్తం చదివి వస్తారు. ఫైల్లో ప్రతి పంక్తి మీద రెండో ప్రశ్న, మూడో ప్రశ్న వేసుకుని సాధన చేయాలి. స్టాన్‌ఫర్డ్‌లో ఎక్కువగా పూర్వ విద్యార్థులే చేస్తారు, రెజ్యూమె తప్ప ఫైల్లో మిగతాదేమీ చూడరు. అక్కడ కథలు మొదటినుంచీ తెలియని మనిషికి చెప్పినట్టు చెప్పాలి. వార్టన్‌లో అయిదారుగురు అభ్యర్థులు కలిసి 35 నిమిషాలు చర్చించి ఒక ప్రతిపాదన తయారుచేస్తారు. ఎక్కువసేపు మాట్లాడినవాళ్లు అక్కడ గెలవరు. సమయం చూసుకునేవాళ్లు, ఇద్దరి ఆలోచనల్ని కలిపి ఒక నిర్ణయానికి తెచ్చేవాళ్లు బాగా కనిపిస్తారు. దీన్ని ఒక్కరే అద్దం ముందు సాధన చేయలేరు, నలుగురైదుగురు అపరిచితులతో ఒకటి రెండుసార్లు చేయాలి.

జవాబులు బట్టీపడితే వినగానే తెలుస్తుంది. ఆరేడు సంఘటనలు ఎంచుకుని, ఒక్కోటి రెండు నిమిషాల్లో చెప్పేలా, ఏ ప్రశ్నకు ఏది వాడాలో తెలిసేలా సిద్ధపడండి. అందులో ఒకటి నిజంగా చేదు అనుభవమై ఉండాలి. "నా లోపం అతి శ్రద్ధ" లాంటి జవాబులు వినీవినీ వాళ్లకు విసుగొచ్చి ఉంటుంది.

వెయిట్‌లిస్ట్ వస్తే ముందు ఆ స్కూల్ ఇచ్చిన సూచనలు చదవండి. కొన్ని కొత్త సమాచారం పంపమంటాయి, కొన్ని వద్దంటాయి. వద్దన్నచోట పంపితే చెరుపే. పంపమన్నచోట ఒకే ఒక్క పేజీ: పెరిగిన స్కోరు, వచ్చిన ప్రమోషన్, పూర్తిచేసిన కోర్సు గ్రేడు. కొత్తదేమీ లేకుండా "ఇప్పటికీ ఆసక్తి ఉంది" అని నెలనెలా మెయిల్ పెట్టడం వల్ల ఉన్న అనుమానమేదీ తీరదు. పూర్తిగా తిరస్కరించి, వచ్చే ఏడాది అదే స్కూల్‌కు మళ్లీ పెడుతుంటే, చాలా స్కూళ్లు రీఅప్లికెంట్ల నుంచి పోయినసారికీ ఇప్పటికీ ఏం మారిందని ఒక చిన్న ఎస్సే అడుగుతాయి. పాత ఫైలు వాళ్ల దగ్గరే ఉండే అవకాశం ఉంది. గోల్స్ పూర్తిగా మార్చేస్తే, మార్పుకు కారణం ఆ ఎస్సే మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పండి.